ఆదోని బేలు, ఎమ్మిగనూరు దుప్పటి



పత్తి సీజన్లో ఓ పొద్దున ఆదోని మార్కెట్ యార్డులో నిలబడి చూడండి. రాత్రంతా వచ్చి చేరిన ట్రాక్టర్లు, ఆటోలు. షెడ్ల కింద వరసగా తెల్లటి రాశులు. కొనడానికి వచ్చినాయన రాశి పక్కన వంగి, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగునున్న పత్తిని గుప్పెడు బయటికి లాగుతాడు. పైపత్తి చూసి ధర వేసేవాడికి ఆదోనిలో రెండో సీజన్ ఉండదు. ఆ గుప్పెట్లోంచి ఒక గింజ తీసుకుని, దాని పింజను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి సాగదీస్తాడు. పొడవెంతో కన్ను చెబుతుంది. గుప్పిట బిగించి వదులుతాడు, తేమ ఎంతో చెయ్యి చెబుతుంది. పుల్లా, ఆకూ, పురుగు తిని పసుపెక్కిన పత్తీ ఏ పాళ్లలో ఉన్నాయో ఆ చూపులోనే లెక్క తేలిపోతుంది. మొత్తం అర నిమిషం.

అంత నేర్పరి చేతికి కూడా అందనిది ఒకటుంది. ఆ చేనులో మందు కొట్టారా, లేదా? యూరియా చల్లారా, దిబ్బ ఎరువు తోలారా? పింజ లాగి ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. పక్కపక్కనే ఉన్న రెండు రాశుల్లో ఒకటి సేంద్రియంగా పండిందే అనుకోండి. మధ్యాహ్నానికి కాటా అయిపోతుంది, హమాలీలు రెండింటినీ ఒకే లారీలోకి ఎత్తి తొక్కుతారు. అంతటితో ఆ తేడా పోయింది. రైతు ఒక్కడికే గుర్తుంటుంది, ఆ గుర్తుకు ధర లేదు.

ఈ పూట మాట్లాడుకునేది యూరప్ వాళ్ల సేంద్రియ చట్టం గురించి. దాన్ని ఆదోని యార్డు నుంచి మొదలుపెట్టడానికి కారణం ఈ రాశే. సేంద్రియ ధ్రువీకరణ అనగానే సరుకును ల్యాబుకు పంపుతారు, మందు అవశేషం కనబడకపోతే ముద్ర వేస్తారు అనుకుంటాం మనం. నేనూ చాలా ఏండ్లు అట్లనే అనుకున్నాను. ల్యాబు పరీక్ష ఉంటుంది గానీ అది చివర్లో వచ్చే మాట. చట్టం ముందు అడిగేది సరుకు నడిచి వచ్చిన దారి. విత్తనం ఎక్కడిది, ఏ చేను, ఏ తేదీన ఏం చల్లారు, ఏ సంచిలో నింపారు, ఏ కొట్టులో పెట్టారు, ఏ మిల్లులో ఆడించారు. దారిలో ఒక్క అడుగు కనిపించకపోయినా ఆ సరుకు మామూలు సరుకే.

ఈ చట్టం మొదటిసారి వచ్చింది 1991లో. అప్పటికే అక్కడి కొన్ని దేశాల్లో రైతు సంఘాలు ఎవరికి వారు నియమాలు రాసుకుని, ఎవరి గుర్తు వారు వేసుకుని అమ్ముతున్నాయి. అన్నిటినీ ఒక తాటి మీదికి తెస్తూ ఆ ఏడు ఒక నిబంధన చేశారు. మొదట పంటలకే. పశువుల సంగతి 1999లో కలిపారు. 2007లో దాన్ని మొత్తం తిరగరాశారు. 2010 జులై నుంచి ప్యాకెట్ల మీద ఆకుపచ్చ దీర్ఘచతురస్రం, అందులో ఆకు ఆకారంలో పన్నెండు నక్షత్రాలు తప్పనిసరి చేశారు. ఆ గుర్తు గీసింది ఓ విద్యార్థి. కళాశాలల పిల్లలకు పోటీ పెట్టి ఎంచుకున్నారు. ఇప్పుడు నడుస్తున్నది 2018లో చేసిన చట్టం. 2021లోనే అమలు కావలసింది, కరోనా వల్ల ఏడాది వెనక్కి పోయి 2022 జనవరి 1న మొదలైంది.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది మాటకు వేసిన కాపలా. జర్మనీలో సేంద్రియాన్ని ‘బయో’ అంటారు. యూరప్ భాషల్లో ఏ భాషలోనైనా సరే, ధ్రువీకరణ లేకుండా తినే వస్తువు మీద ఆ మాట రాస్తే నేరం. ‘బయో’ అనీ, ‘ఎకో’ అనీ పేరు ముందు తగిలించినా నేరమే. ఇక మన ఊళ్లో మందుల అంగడికి పోయి ‘బయో మందు’ ఇవ్వమనండి. పేరు తెలియని కంపెనీ సీసా చేతిలో పెడతారు. అందులో వేపనూనె ఉందో, మరేదైనా ఘాటైన రసాయనం కలిపారో సీసా మీద చదివి తెలుసుకునే దారి లేదు. పురుగు గంటలో రాలిపడితే మాత్రం అనుమానించాల్సిందే. నేనూ ఒకసారి అలాంటి సీసా కొని ఇంటి వెనక వంగ మొక్కలకు కొట్టాను. పురుగు పోయింది, మూడు రోజుల్లో ఆకులూ పోయాయి. ఒకే మాట, అక్కడ చట్టం కాపలాలో ఉంది, ఇక్కడ వాడకానికి అరిగిపోయింది.

ఆహార చట్టంలో పత్తికేం పని అని మీకు అనిపించి ఉంటుంది. ఉంది. 2018 చట్టానికి చివర ఒక అనుబంధం ఉంది. పంట కాకపోయినా, తిండి కాకపోయినా ఈ చట్టం కిందికి వచ్చేవాటి పట్టిక అది. సముద్రపు ఉప్పు, తేనెమైనం, పట్టు కాయలు, బిరడాల చెక్క, పచ్చి తోళ్లు, వాటితోపాటు పత్తి. అయితే ఒక షరతు. ఏకకుండా, దువ్వకుండా ఉన్న పత్తి. గింజ తీసి బేలు కట్టిన దూది దాకా చట్టం వర్తిస్తుంది. స్పిన్నింగ్ మిల్లులో దాన్ని ఏకడం మొదలుపెట్టగానే చట్టం చెయ్యి వదిలేస్తుంది. నూలుకు లేదు, గుడ్డకు లేదు.

ఇప్పుడు మన పటం తీసి చూడండి. ఆదోనిలో జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు. అక్కడి నుంచి బస్సెక్కితే గంటలోపు ఎమ్మిగనూరు, మగ్గాల ఊరు. ఆదోని బేలు యూరప్ చట్టం లోపల ఉంది. ఎమ్మిగనూరు దుప్పటి బయట ఉంది. బ్రస్సెల్స్‌లో కూర్చుని రాసిన ఒక గీత మన రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద పడిందన్నమాట. రాసినవాళ్లకు ఈ ఊళ్ల పేర్లు కూడా తెలిసి ఉండవు.

ముందు ఆదోని వైపు చూద్దాం. ఈ పడమటి ప్రాంతం 1953 దాకా బళ్లారి జిల్లా. అందుకే మన సేద్యం మాటల్లో సగం కన్నడం. తొలకరికి విత్తేది ముంగారి, వెనక వానకు విత్తేది హింగారి. ముంగారి పత్తి అని ఒక దేశవాళీ రకమే ఉండేది. పింజ పొట్టి, దిగుబడి తక్కువ, కానీ మందు అడిగేది కాదు. అదంతా ఈ రోజు లెక్కలో సేంద్రియమే, అప్పుడు ఆ పేరు పెట్టినవాళ్లు లేరు. తర్వాత హైబ్రిడ్లు వచ్చాయి, వాటి వెనకే శనగపచ్చ పురుగు, తెల్లదోమ, మందుల డబ్బాలు వచ్చాయి. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చాక దేశంలో పత్తి చేలలో తొంభై శాతం పైగా అదే. యూరప్ సేంద్రియ చట్టం జన్యుమార్పిడి విత్తనాన్ని ఒప్పుకోదు, మన దేశపు సేంద్రియ నియమాలూ ఒప్పుకోవు. కాబట్టి మన రైతుకు ఎరువు, మందు మానేయడం కన్నా ముందు వచ్చే చిక్కు విత్తనం.

పాత బి.టి. ప్యాకెట్టు గుర్తుందా? పెద్ద సంచిలో 450 గ్రాముల బి.టి. గింజలు, దాంతోపాటు 120 గ్రాముల చిన్న పొట్లం. ఆ పొట్లంలోది బి.టి. కాని విత్తనం, పురుగుకు బి.టి. విషం అలవాటు పడకుండా చేను చుట్టూ వేయమని ఇచ్చేవారు. మనవాళ్లు చాలామంది దాన్ని గట్టు మీద పారేశారు. సేంద్రియ రైతు ఇప్పుడు వెతుక్కునేది ఆ పారేసిన జాతినే. నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘నరసింహ’ లాంటి సూటి రకాలు ఉన్నాయి, వాటి గింజ రైతు మళ్లీ దాచుకుని విత్తుకోవచ్చు. అంగట్లో అడిగితే దొరకదు, అంతే.

విత్తనం దొరికిందనుకుందాం. ధ్రువీకరణకు నమోదు చేసుకున్న రోజు నుంచి రెండేండ్లు మార్పు కాలం. ఆ రెండేండ్లూ సేంద్రియంగా పండించాలి, మామూలు ధరకు అమ్ముకోవాలి. వానాధారపు చేను, పైగా దిగుబడి తగ్గే మొదటి రెండేండ్లు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా సుగ్గికి పోయే బండ్లు కళ్ల ముందు మెదులుతాయి. సంక్రాంతి ముందూ వెనకా మన పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు దాకా ఇంటికి తాళం వేసి పోతారు కదా, ఆ ఇండ్లలో రెండేండ్లు ఆగగలిగే ఇల్లు ఏది?

ఒక్క రైతు ధ్రువీకరణ ఖర్చు మోయలేడు కనుక గుంపు పద్ధతి పెట్టారు. మన దేశంలో జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఇరవై ఏండ్లకు పైగా నడుస్తోంది, వ్యవసాయ ఎగుమతుల కేంద్ర సంస్థ అపెడా దాన్ని చూస్తుంది. ఇరవై అయిదు నుంచి 500 మంది దాకా రైతులు ఒక గుంపుగా ధ్రువీకరణ పొందుతూ వచ్చారు. గుంపులోనే ఒకరు ప్రతి చేనూ తిరిగి చూసి రాసుకుంటారు, బయటి ఇన్‌స్పెక్టరు వచ్చి కొందరిని మాత్రం ఎంచి తనిఖీ చేస్తాడు. పాతికెకరాల చేనుకు పాతికెకరాల కాగితాలు అని నవ్వుకునేవాళ్లు ఉన్నారు, ఆ నవ్వులో కొంత నిజం ఉంది. 2006లో యూరప్ మన పద్ధతిని తమ పద్ధతికి సమానమని ఒప్పుకుంది. ఆ సమానం అనే మాట 2018 చట్టంతో వదులవుతోంది. అలాంటి పాత గుర్తింపులు 2026 చివరితో ముగియాలి, ఒక్కో దేశంతో యూరప్‌కు కొత్త ఒప్పందం కావాలి అని అందులో రాసుకున్నారు.

ఆ చట్టమే గుంపు గురించి కొత్తగా చెప్పింది. గరిష్ఠం 2,000 మంది. సభ్యుడికి అయిదు హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాల పైచిలుకు లోపల పొలం ఉండాలి, లేదా ఏడాది రాబడి 25,000 యూరోలు దాటకుండా, ధ్రువీకరణ ఖర్చు ఆ రాబడిలో రెండు శాతానికి మించేవాడై ఉండాలి. ఏటా అయిదు శాతం సభ్యుల చేలు బయటివాళ్లు మళ్లీ చూడాలి. రెండు శాతం మంది సరుకు నుంచి నమూనా తీయాలి. మన లెక్కల్లో ఇవన్నీ సర్దుకుంటాయి. అసలు మార్పు మరొకటి. గుంపు అంటే రైతులే సభ్యులుగా, చట్టబద్ధంగా నమోదైన సంస్థ. ఉమ్మడిగా అమ్ముకునే ఏర్పాటు దానికే ఉండాలి. ఇంతకాలం చాలా చోట్ల జరిగింది ఏమిటంటే, ఎగుమతి వ్యాపారి ఖర్చు పెట్టి సర్టిఫికెట్ తీసుకున్నాడు, రైతుల పేర్లు దాని వెనక జాబితాలో ఉన్నాయి. కాగితం వ్యాపారి బీరువాలో ఉంటే రైతు తన సేంద్రియ పత్తిని మరొకరికి ఆ పేరుతో అమ్మలేడు. కొత్త నియమం కఠినమని ఎగుమతిదారులు అంటున్నారు, నిజమే కఠినమే. నాకైతే ఆ ఒక్క మార్పు రైతు వైపు మొగ్గిందనే అనిపిస్తుంది.

ఇక ఆ గుంపు పత్తి ఆదోనికి రావాలి. ఎకరా చొప్పున 500 మంది, ఎకరాకు అయిదు క్వింటాళ్లు అనుకుందాం. 2,500 క్వింటాళ్ల పత్తి. క్వింటాలుకు 34 కిలోల దూది లెక్క వేస్తే, 170 కిలోల బేళ్లు సరిగ్గా 500. మనిషికి ఒక బేలు! సీజన్లో రాత్రింబవళ్లు ఆడే మిల్లుకు ఈ 500 బేళ్లు ఓ మూల పని. కానీ వాటి కోసం మిల్లు యంత్రాలు ఆపి, రోలర్ల మధ్య ఇరుక్కున్న నిన్నటి పత్తిని ఊడ్చి, కుప్పలు వేరుగా పోయించి, వేరు రిజిస్టర్ రాయాలి. మిల్లుకూ ధ్రువీకరణ ఉండాలి. ఇంత చేసినా మూడో వంతు సరుకే సేంద్రియంగా బయటికి పోతుంది. గింజ మాట ఏమిటి? బరువులో మూడింట రెండు వంతులు గింజే. నూనెకు, గేదెల చెక్కకు పోయే ఆ గింజ తిండి, దాణా కిందికే వస్తుంది, చట్టం పూర్తిగా వర్తిస్తుంది. ఐనా సేంద్రియ పత్తి గింజ అని వేరే ధర పెట్టి కొనేవాళ్లు నాకు కనబడలేదు. అది మామూలు కుప్పలో కలిసిపోతుంది.

చిన్న సంగతి ఒకటి చెబుతాను. పత్తి తీసేటప్పుడు మన ఇండ్లల్లో ఏ సంచి వాడతారు? ఖాళీ యూరియా సంచులు నాలుగు విప్పి కుట్టిన బోరె. తేలిక, చవక. సేంద్రియ పత్తికి అది పనికిరాదు. సంచి గోడలకు అంటిన పొడి చాలు. అట్లే పక్కింటి స్ప్రేయర్ అడిగి తెచ్చుకుని కషాయం కొట్టడం కూడా. అడుగున మిగిలిన మందు ఎంతో ఎవరికి తెలుసు? ఇన్‌స్పెక్టర్లు చేనుకన్నా ముందు కొట్టంలోకి తొంగి చూసేది ఇందుకే.

దారి ఎక్కడ తెగుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2020 సెప్టెంబరులో మన దేశం నుంచి బెల్జియం చేరిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ కనబడింది. క్రిములు చావడానికి గిడ్డంగుల్లో పట్టించే వాయువు అది. యూరప్ పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములైతే కొన్ని లాట్లలో వెయ్యి రెట్లకు పైగా ఉంది. దాని దెబ్బ తర్వాతి ఏడాది తగిలింది. మన దేశంలో పనిచేసే అయిదు ధ్రువీకరణ సంస్థలను యూరప్ తన జాబితా నుంచి తీసేసింది. వాటి కింద నమోదైన రైతుల్లో నువ్వు చేను మొహం చూడనివాళ్లూ ఉన్నారు. రెండోది 2020 అక్టోబరులో. సేంద్రియ బట్టలకు ప్రపంచమంతా వాడే ప్రమాణం గాట్స్. 20,000 టన్నుల భారతీయ పత్తికి దొంగ సేంద్రియ పత్రాలు పుట్టాయని ఆ సంస్థే ప్రకటించి, పదకొండు కంపెనీలను నిషేధించింది. పత్రం మీద క్యూఆర్ కోడ్ కొడితే ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన నకిలీ సైటు తెరుచుకునేది. రెండింట్లోనూ తప్పు చేనులో జరగలేదు. కోత అయిపోయాక, రైతు చేయి దాటాక జరిగింది.

ఇప్పుడు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం ఊరి పేరును దుప్పట్ల మీద, తువాళ్ల మీద ఊళ్లూరా తిప్పింది. చట్టం ఇక్కడికి రాదని చెప్పాను కదా. కానీ యూరప్ మగ్గాల దాకా అంతకుముందే ఒకసారి వచ్చింది, రంగు డబ్బాల రూపంలో. కొన్ని అజో రంగుల నుంచి కేన్సర్ కలిగించే పదార్థాలు విడుదలవుతాయని 1990లలో జర్మనీ వాటిని ఆపేసింది. 1997లో మన ప్రభుత్వమూ అలాంటి రంగులను నిషేధించింది. అద్దకం చేసేవాళ్లకు అప్పుడు చట్టం పేరు తెలియలేదు. ఎప్పుడూ కొనే ఎరుపు అంగట్లో దొరకలేదు, అంతే తెలిసింది.

ఇప్పుడు మరో గాలి వస్తోంది. 2024లో యూరప్ ఇంకో ఆదేశం చేసింది, 2026 సెప్టెంబరు 27 నుంచి అమలు. ఏ వస్తువు మీదైనా ‘పర్యావరణ హితం’ లాంటి మాట రుజువు లేకుండా రాయకూడదు. ఎవరికి వారు గీసుకున్న పచ్చాకు గుర్తులు చెల్లవు. అంటే దుప్పటి సేంద్రియ చట్టం బయటే ఉన్నా, దాని మీద అంటించే చీటీ మాత్రం చట్టం లోపలికి వచ్చేసింది. గాట్స్ లాంటి ప్రైవేటు ప్రమాణం ఉంది, అందులో సేంద్రియం అనిపించుకోవాలంటే నూటికి 95 పాళ్లు సేంద్రియ నూలు ఉండాలి. ఆ నూలు ఎమ్మిగనూరుకు ఎక్కడినుంచి రావాలి? ఆదోనిలో కట్టిన బేలు ఎక్కడో మిల్లుకు పోయి, ఇంకెక్కడో నూలై, ఎవరి పత్తో తెలియని చిలపలుగా తిరిగి వస్తుంది. గంట దూరంలో పండిన దూదిని గుర్తుపట్టి నేసే ఏర్పాటు ఈ రెండు ఊళ్ల మధ్య లేదు. ఇది యూరప్ చేసిన లోపం అని నేననను.

మన ఆంధ్రప్రదేశ్ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం బాట పట్టింది. రైతు సాధికార సంస్థ దాన్ని నడుపుతోంది. జర్మనీ అభివృద్ధి బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది, 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది. జీవామృతం, ఘనజీవామృతం, నీమాస్త్రం ఇప్పుడు ఈ పక్క పల్లెల్లో కొత్త మాటలు కావు. ఐతే ప్రకృతి వ్యవసాయం చేస్తున్నానన్నంత మాత్రాన యూరప్‌కు సేంద్రియం కాదు. రైతులు ఒకరికొకరు సాక్షిగా ఇచ్చుకునే పి.జి.ఎస్. పత్రం మన దేశంలో చెల్లుతుంది, ఎగుమతికి చెల్లదు. జర్మనీ డబ్బుతో నేర్చుకున్న సేద్యం జర్మనీ అంగట్లోకి పోవడానికి ఇంకో కాగితం కావాలి. తమాషాగా ఉంది గానీ, పొరపాటు కాదు. అప్పిచ్చే శాఖ వేరు, పత్రం అడిగే శాఖ వేరు.

ఆమధ్య ఆలూరు దారిలో ఒక పల్లెకు పోయినప్పుడు ఒక రైతు తన చేను డైరీ చూపించాడు. స్కూలు పిల్లల నోటు బుక్కు. అట్ట మీద సినిమా హీరో బొమ్మ. లోపల పెన్సిలు రాత. తేదీ, పని, వాడింది. ‘గుంటక పాసినాము.’ ‘పేనుబంక, నీమాస్త్రం రెండు డబ్బాలు.’ ‘వాన లేదు.’ ‘వాన లేదు.’ ఒక పేజీలో మాత్రం ఇలా ఉంది: ‘పడమటి చేను వాళ్లు మందు కొట్టినారు. గాలి మా పక్క వీచింది. గట్టు పక్క నాలుగు సాళ్ల పత్తి వేరు తీసినాము.’ తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడట. ఇది రాస్తే నీకే నష్టం కదా, ఎందుకు రాసినావని అడిగాడట.

మరి నువ్వేమన్నావు అన్నాను.

‘ఏమనేది సార్, గాలి ఆ పక్కనుంచే వచ్చె. రాయకుంటే యాడికి పోతాది?’ అన్నాడు, నోటు బుక్కు మూసి గూట్లో పెడుతూ.